31 అంగుళాల మడ్ టైర్లు, హైవే మీద 65 దాటగానే స్టీరింగ్ వణుకు: బ్యాలెన్సింగ్ కుదురుతుందా?

జిప్సీ_హన్మకొండ
నమస్తే అందరికీ. బండి మారుతి జిప్సీ. లీఫ్ స్ప్రింగులు కొంచెం ఎత్తు చేయించాను. 31×10.5 ఆర్15 మడ్ టైర్లు, వాటిని ఎక్కించిన బయటి మార్కెట్ అల్లాయ్ డిస్కులు బండితోనే వచ్చాయి. మా పొలం పస్రా అవతల ఉంది, వానలు పడ్డాక ఆ బాటలో మామూలు టైర్లతో పోతే బండి దిగబడడం ఖాయం, కాబట్టి ఈ టైర్లు తీసేసే ఆలోచన లేదు. మట్టిలో బ్రహ్మాండంగా పోతుంది. కానీ అప్పుడప్పుడు హైదరాబాద్ పోవాల్సి వస్తుంది, అక్కడే టెన్షన్. స్టేషన్ ఘన్‌పూర్ దాటి రోడ్డు ఖాళీగా దొరికిందంటే 65 దగ్గర స్టీరింగ్ సన్నగా వణకడం మొదలవుతుంది, 72–75 మధ్య చేతులు తిమ్మిరెక్కుతాయి, 85 దాటితే మళ్లీ కొంత తగ్గుతుంది. ఇక్కడ ఒక షాపులో బ్యాలెన్సింగ్, అంటే చక్రం చుట్టూ బరువు సమం చేసే పని, చేయించాను. సీసం ముక్కలు వరుసగా అతికించారు, ఒక చక్రానికైతే 190 గ్రాములు పడ్డాయి, అయినా తేడా లేదు. "ఇంత పెద్ద టైర్లకు బ్యాలెన్సింగ్ కుదరదు సార్, ఇట్లాగే నడుపుకోండి" అన్నారు. నిజంగానే కుదరదా? టైర్ లోపల పోసే బ్యాలెన్సింగ్ పూసల గురించి విన్నాను, ఎవరైనా వాడుతున్నారా?

నర్సంపేట_రైతు
అన్నా, నాకు ట్రాక్టర్ ఉంది, వెనక టైర్లలో నీళ్లు నింపుకుని తిరుగుతాం, వాటికి బ్యాలెన్సింగ్ అన్న మాటే ఎన్నడూ వినలేదు. నీ బండి పొలానికే కదా ఎక్కువ పోయేది. హైవే ఎక్కినప్పుడు 60లో పోతే అయిపోయె, దీనికి ఇంత ఖర్చు ఎందుకు?

కరీంనగర్_జిమ్నీ
ట్రాక్టర్ లెక్క ఇక్కడ పనికిరాదు అన్నా. అది 30లో పోతుంది. బరువు తేడా వల్ల పుట్టే లాగుడు వేగం వర్గంతో పెరుగుతుంది, అంటే వేగం రెట్టింపైతే లాగుడు నాలుగు రెట్లు. లెక్క వేసి చెబుతాను. 31 అంగుళాల టైర్ ఒక చుట్టు తిరిగితే దాదాపు 2.47 మీటర్లు పోతుంది. 75లో పోతుంటే సెకనుకు ఎనిమిది చుట్లకు పైనే. డిస్కు అంచు దగ్గర 100 గ్రాముల తేడా ఉందనుకోండి, 75లో అది ఐదు కిలోలు దాటిన బరువుతో సెకనుకు ఎనిమిదిసార్లు ఇరుసును కొడుతుంది. అదే 30లో కిలో కూడా ఉండదు. ట్రాక్టర్‌కు తెలియనిది జిప్సీకి తెలిసేది ఇందుకే.

85 దాటాక తగ్గుతోందని రాశారు చూడండి, అది మంచి ఆధారం. ముందు ఇరుసుకి, స్టీరింగ్‌కి సొంతంగా ఊగే వేగం ఒకటి ఉంటుంది. చక్రం తిరిగే వేగం దానితో కలిసినచోట వణుకు పెద్దదవుతుంది, దాటిపోతే తగ్గుతుంది. చక్రం వల్ల వచ్చే వణుకు చాలావరకు ఇట్లాగే ఉంటుంది. వేగంతో పాటు ఆగకుండా పెరుగుతూ పోయేదైతే ప్రొపెల్లర్ షాఫ్ట్ (ఇంజన్ బలాన్ని ఇరుసుకు చేర్చే పొడవాటి కడ్డీ) మీద అనుమానపడాలి. అది చక్రం కంటే మూడు నాలుగు రెట్లు వేగంగా తిరుగుతుంది, కాబట్టి వణుకు సన్నగా, జుయ్ మన్నట్టు వస్తుంది. మీరు స్ప్రింగులు ఎత్తించారు కాబట్టి ఆ షాఫ్ట్ చివర్లలో ఉండే యూనివర్సల్ జాయింట్ల కోణం కూడా ఒకసారి చూపించుకోండి.

జనగామ_టైర్‌పని
నేను ఈ పనిలోనే ఉన్నాను, అందుకే వివరంగా రాస్తున్నా. కుదరదు అనే మాట తప్పు. 33 అంగుళాల దాకా మామూలు కార్ల మిషన్ మీదనే చేయొచ్చు, మిషన్ మోయగలిగే బరువు, పట్టే సైజు చూసుకోవాలి అంతే. డిస్కుతో కలిపి పెద్ద మడ్ టైర్ 35–40 కిలోలు తూగుతుంది, చిన్న షాపుల్లో పాత మిషన్లు దానికి తట్టుకోవు, రీడింగ్ తప్పుతుంది. మిషన్ పెద్దదున్నా సరే, చక్రాన్ని దాని మీద ఎట్లా కూర్చోబెట్టారన్నదే అసలు సంగతి.

తమ్మీ, నీవి బయటి అల్లాయ్‌లు అన్నావు. వాటి నడిమి రంధ్రం చాలాసార్లు హబ్ (ఇరుసు చివర డిస్కు కూర్చునే భాగం) కంటే పెద్దగా ఉంటుంది, అప్పుడు డిస్కును మధ్యకు తెచ్చేది నట్లే. మిషన్ మీదనేమో కోన్ పెట్టి నడిమి రంధ్రంతో మధ్యకు తెస్తారు. కోన్ సైజు సరిపోకపోయినా, రంధ్రం అంచున మట్టి గానీ తుప్పు గానీ ఉన్నా చక్రం ఒక మిల్లీమీటరు పక్కకు కూర్చుంటుంది. ఇంత బరువు చక్రానికి ఒక్క మిల్లీమీటరు అంటే చిన్న విషయం కాదు. మిషన్ సున్నా చూపిస్తుంది, బండికి బిగించాక వణుకు వస్తుంది. దీన్ని పట్టుకోవడం సులువు. మిషన్ సున్నా చూపించాక నట్ వదులు చేసి, చక్రాన్ని సగం చుట్టు తిప్పి మళ్లీ బిగించి తిప్పమను. అప్పుడు కూడా సున్నా దగ్గర్లో చూపిస్తే కూర్చోబెట్టడం సరిగా ఉన్నట్టు, 30–40 గ్రాములు చూపిస్తే ఆ బ్యాలెన్సింగ్ మొత్తం వృథా. కోన్ వెనక నుంచి పెట్టి, ముందు వైపు నట్ల రంధ్రాల్లో పట్టే ప్లేటు ఉన్న షాపు అయితే ఇంకా మంచిది.

ఇక 190 గ్రాములు. అన్ని గ్రాములు పడ్డాయంటే అక్కడ ఆగిపోవాలి, ముక్కలు అతికిస్తూ పోకూడదు. టైర్ గాలి తీసి, డిస్కు మీద టైర్‌ను సగం చుట్టు జరిపి మళ్లీ చూడాలి. టైర్ బరువైన చోటు, డిస్కు బరువైన చోటు ఒకే పక్క పడితేనే ఇంత తేడా వస్తుంది, ఎదురెదురు పడితే ఒకదాన్ని ఒకటి తినేస్తాయి. కొత్త టైర్ అయితే పక్కన పసుపు చుక్క ఉంటుంది, అది టైర్‌లో తేలికైన చోటు, దాన్ని గాలి పిన్ను దగ్గరికి తేవాలి. ఎర్ర చుక్క ఉంటే అది టైర్ ఎత్తుగా, గట్టిగా ఉండే చోటు, దాన్ని డిస్కు మీద పల్లంగా ఉన్న చోటి గుర్తు దగ్గరికే తెచ్చి పెడతారు. పాత టైర్లలో చుక్కలు చెరిగిపోతాయి కాబట్టి జరిపి చూడడమే దారి.

ఇవి కాక, నువ్వు రాయనివి కొన్ని అడగాలి. వణుకు స్టీరింగ్‌లోనేనా, సీటు కింద కూడానా? షాపుకు పోయే ముందు డిస్కుల లోపలి వైపు కడిగించావా? టైర్లలో పంక్చర్ లిక్విడ్ ఏమైనా ఉందా? పొలంలోకి దిగేటప్పుడు గాలి తగ్గిస్తావా?

జిప్సీ_హన్మకొండ
చాలా థాంక్స్ అన్నా, ఇంత ఓపికగా ఎవరూ చెప్పలేదు. వణుకు స్టీరింగ్‌లోనే, సీట్లో పెద్దగా తెలియదు. షాపువాళ్లు పైపైన నీళ్లు కొట్టారు, లోపలి వైపు చూడలేదు. లిక్విడ్ సంగతి తెలియదు, బండి నాకు ఈ టైర్లతోనే వచ్చింది, ఎత్తు మాత్రం తర్వాత చేయించాను. పొలంలోకి దిగేటప్పుడు 18కి దింపుతాను, మళ్లీ తార్రోడ్డు ఎక్కాక 28 పెడతాను.

జనగామ_టైర్‌పని
స్టీరింగ్‌లోనే అంటే ముందు రెండు చక్రాలు, లేదా ముందు ఇరుసు. లిక్విడ్ ఉంటే మాత్రం ఎవరు చేసినా బ్యాలెన్సింగ్ నిలవదు. బండి ఆగినప్పుడు అది కిందికి చేరి మడుగు కడుతుంది, కదిలాక అన్ని పక్కలా సమంగా పరుచుకోదు, మిషన్ మీద ప్రతిసారీ వేరే అంకె చూపిస్తుంది. ఆ అంకె నమ్మి ముక్క అతికిస్తే తేడా ఇంకా పెరుగుతుంది.

18కి దింపుతావు కాబట్టి ఇంకొకటి. గాలి తక్కువ ఉన్నప్పుడు గట్టిగా రేస్ ఇస్తే చక్రం తిరుగుతుంది కానీ టైర్ మట్టిలో పట్టుకుని ఉంటుంది, డిస్కు లోపల జారుతుంది. నాలుగు వేళ్లంత జరిగినా ముందు చేసిన బ్యాలెన్సింగ్ పోయినట్టే. బ్యాలెన్సింగ్ అయ్యాక గాలి పిన్నుకు ఎదురుగా టైర్ మీద తెల్ల పెయింట్‌తో గీత గీయించుకో. పొలం నుంచి వచ్చాక చూసుకుంటే జరిగిందా లేదా ఇట్టే తెలుస్తుంది.

540_భూపాలపల్లి
నాది పాత మహీంద్రా ఎంఎం 540 జీపు, నైలాన్ టైర్లు. టైర్లను తప్పుపట్టే ముందు బండి కింద పడుకుని చూడు తమ్మీ. జిప్సీకి కూడా ముందు ఒకే ఇరుసు, లీఫ్ స్ప్రింగులు, కాబట్టి ఒక చక్రం ఊగితే రెండోదాన్ని కూడా లాగుతుంది. కింగ్ పిన్ (స్టీరింగ్ తిప్పితే చక్రం మళ్లే కీలు) బేరింగుల్లో ప్లే ఉంటే, టై రాడ్ (ముందు రెండు చక్రాలను కలిపే కడ్డీ) ఎండ్లు అరిగితే, స్ప్రింగు చివరి షాకిల్ బుష్షులు పగిలితే కొద్దిపాటి తేడా కూడా పెద్ద వణుకుగా కనిపిస్తుంది. ముందు చక్రం జాకీ మీద లేపి పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి పెట్టి ఊపు. కదిలితే వీల్ బేరింగో, కింగ్ పిన్నో. ఎవరినైనా బ్రేక్ తొక్కి పట్టుకోమని మళ్లీ ఊపు. బ్రేక్ తొక్కినా కదిలితే కింగ్ పిన్, ఆగిపోతే వీల్ బేరింగ్. తర్వాత ఎడమ కుడి పట్టుకుని ఊపితే టై రాడ్ ఎండ్ల సంగతి తెలుస్తుంది. కొత్త స్టీరింగ్ డ్యాంపర్ (స్టీరింగ్ ఊగకుండా అణిచే షాక్) వేస్తే వణుకు పోతుందని కొందరు అమ్ముతారు. పోదు, కొన్నాళ్లు దాక్కుంటుంది, డ్యాంపర్ అరిగాక మళ్లీ బయటపడుతుంది.

నైలాన్ టైర్ల వాళ్లకు ఒక మాట. రాత్రంతా నిలబెడితే నేలకు ఆనిన చోట చదునవుతుంది, పొద్దున మొదటి కొన్ని కిలోమీటర్లు దబదబమంటుంది, వేడెక్కాక పోతుంది. దానికి బ్యాలెన్సింగ్ షాపుకు పరిగెత్తకండి.

ములుగు_బాట
నేను రెండేళ్లుగా పూసలే వాడుతున్నా, 235/75 ఆర్15 మడ్ టైర్లు. ఒక్క సీసం ముక్క లేదు. ముక్కలు రాళ్లకు తగిలి ఊడిపోతాయి, బురదలో జిగురు నిలవదు, పూసలకు ఆ బాధ లేదు. పెద్ద టైర్లున్న వాళ్లందరూ వీటికే మారాలి అని నా అభిప్రాయం.

జనగామ_టైర్‌పని
మీకు పని చేస్తున్నాయంటే సంతోషమే, కానీ అందరూ మారాలి అంటే ఒప్పుకోను. వంగిన డిస్కును, గుండ్రంగా లేని టైర్‌ను పూసలు సరిచేయవు. పూసలు పోసిన చక్రాన్ని మళ్లీ మిషన్ మీద చూడడం కుదరదు, కాబట్టి తప్పు ఎక్కడుందో కనిపెట్టే దారి మూసుకుపోతుంది. మన పంక్చర్ షాపుల కంప్రెసర్ ట్యాంకుల్లో నీళ్లు ఎంత ఉంటాయో మీకు తెలిసిందే, ఆ తేమ గాలితో లోపలికి పోతే పూసలు గడ్డకట్టి ఒక మూలకు అతుక్కుంటాయి. పిన్ను లోపల జాలీ లేకపోతే గాలి తీసినప్పుడు పూస వచ్చి వాల్వులో ఇరుక్కుంటుంది, పొలానికి పోయేముందు ప్రతిసారీ గాలి దింపే తమ్ముడికి ఇది రోజూ తలనొప్పి.

ములుగు_బాట
జాలీ ఉన్న పిన్నులు పూసలతో పాటే ఇస్తారు అన్నా. నేను గాలి పట్టించే ముందు ట్యాంకు కింది వాల్వు తిప్పి నీళ్లు వదలమంటాను, వదలకపోతే అక్కడ పట్టించను. తేమ సంగతి మీరన్నది నిజమే, ఆ ఒక్క జాగ్రత్త తప్పనిసరి.

కరీంనగర్_జిమ్నీ
ఇద్దరి మాటల్లోనూ నిజం ఉంది. పూసలు పని చేయాలంటే చక్రం ఊగే వేగాన్ని దాటి తిరగాలి. అప్పుడే అవి బరువుకు ఎదురుపక్కకు చేరతాయి. తక్కువ వేగంలో బరువు ఉన్న పక్కకే చేరే అవకాశం ఉంది, అందుకే 40–60 మధ్య కొందరికి ముందుకంటే ఎక్కువ వణుకు అనిపిస్తుంది. చక్రం పైకీ కిందికీ ఎగిరే తేడాను పూసలు బాగానే సరిచేస్తాయి. పక్కలకు ఊగే తేడా, అంటే టైర్ లోపలి అంచుకు, బయటి అంచుకు మధ్య ఉండే బరువు తేడా, అంత బాగా సరికాదు. 10.5 అంగుళాల వెడల్పు టైర్లో స్టీరింగ్‌ను వణికించేది ఎక్కువగా ఈ రెండోదే. మిషన్ మీద లోపల, బయట వేరువేరుగా ముక్కలు పెట్టేది అందుకే. లోపల ఒక్క పక్కే వరుసగా అతికించి పంపే షాపు సగం పనే చేసినట్టు.

టైర్ పెద్దది, డిస్కు చిన్నది అయినప్పుడు ఇంకో ఇబ్బంది ఉంది. టైర్ బటన్ల (పైన ఉండే రబ్బరు దిమ్మల) మధ్య ఇరుక్కున్న 50 గ్రాముల మట్టి, మధ్య నుంచి దాదాపు 39 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. ముక్క అతికించే డిస్కు అంచు 19 సెంటీమీటర్లే. అంటే 50 గ్రాముల మట్టికి 100 గ్రాముల సీసం కావాలి. పెద్ద మడ్ టైర్లకు గ్రాములు ఎక్కువ పడటంలో వింత లేదు, కానీ 190 ఎక్కువే, అన్న చెప్పినట్టు టైర్ జరిపి చూడాల్సిందే.

హుజూరాబాద్_థార్
ఇదంతా చదివాక నా మాట ఇది. హైవేకి వేరే సెట్ ఉంచుకోండి. 235/75 ఆల్ టెరైన్ టైర్లు ఉక్కు డిస్కుల మీద ఒక సెట్, పొలానికి మడ్ టైర్ల సెట్. మార్చడానికి గంట పడుతుంది. ఇంకొకటి, మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాల నుంచి బండిని మార్చడానికి వీల్లేదు, 2019లో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ వాళ్లు ముందు చూసేది టైర్లు, ఎత్తు.

జిప్సీ_హన్మకొండ
సెట్ మార్చడం ఆలోచించాను అన్నా, కానీ పోయే రోజు పొలం నుంచి నేరుగా పోవాల్సి వస్తుంది. చట్టం సంగతి గుర్తు చేసినందుకు థాంక్స్, అది విడిగా చూసుకుంటాను.

ఇప్పుడు అసలు విషయం. మీరు చెప్పినవన్నీ రాసుకుని పెద్ద మిషన్ ఉన్న ఇంకో షాపుకు పోయాను. ముందు నాలుగు చక్రాలూ ఊడదీయించి లోపలి వైపు ప్రెషర్‌తో కడిగించాను. డిస్కు లోపల, ఆకుల (స్పోకుల) వెనక మూలల్లో ఎండిన రేగడి ఇటుక ముక్కలా అంటుకుని ఉంది, నీళ్లకు కదల్లేదు, స్క్రూడ్రైవర్‌తో గీకితే పెళ్లలు పెళ్లలుగా ఊడింది. ఒక్క చక్రం నుంచే దోసెడు వచ్చింది. పాత సీసం ముక్కలన్నీ పీకించి, జిగురు పెట్రోల్‌తో తుడిపించాను. 190 గ్రాములు పడ్డ చక్రం టైర్ విప్పితే అడుగున పచ్చటి లిక్విడ్, జిగటగా, తుడవడానికి గుడ్డ మీద గుడ్డ పట్టింది. మిగతా మూడింట్లో లేదు.

తర్వాత జనగామ అన్న చెప్పిన పరీక్ష చేయమన్నాను. మొదటిసారి సున్నా వచ్చాక వదులు చేసి సగం తిప్పి బిగిస్తే 45 గ్రాములు చూపించింది! ఆ అబ్బాయి తనే ఆశ్చర్యపోయి, పెద్ద కోన్ తెచ్చి వెనక నుంచి పెట్టాడు, అప్పుడు 5 దగ్గరికి వచ్చింది. లిక్విడ్ ఉన్న టైర్‌ను డిస్కు మీద సగం జరిపాక 190 కాస్తా 70 అయింది, లోపల 40, బయట 30. ఇంకో చక్రాన్ని జాకీ మీద తిప్పి, అంచుకు దగ్గరగా స్క్రూడ్రైవర్ పెట్టి చూస్తే డిస్కు లోపలి అంచు ఒకచోట రెండు మూడు మిల్లీమీటర్లు వంగి ఉంది, దాన్ని స్టెప్నీకి పంపించి స్టెప్నీని ముందుకు తెచ్చాం.

540 అన్న చెప్పినట్టు ఊపి చూశాం. బ్రేక్ తొక్కినా ఎడమ చక్రం కొద్దిగా కదిలింది, కింగ్ పిన్. మెకానిక్ షిమ్ (సందు నింపే సన్నటి రేకు) తీసి బిగించాడు. టై రాడ్ ఎండ్లు బాగానే ఉన్నాయి.

నిన్న రఘునాథపల్లి దాకా పోయి వచ్చాను. 80 దాకా చెయ్యి తేలిగ్గా పెట్టుకుని నడపొచ్చు. 90 దగ్గర సన్నటి గుయ్ గుయ్ ఉంది.

జనగామ_టైర్‌పని
ఆ గుయ్ గుయ్ బటన్ల చప్పుడు, అది బ్యాలెన్సింగ్‌తో పోదు. ఈ టైర్లతో 90 వద్దు తమ్మీ, 80 దాటకు. మీటర్ కూడా నిన్ను మోసం చేస్తుంది. జిప్సీకి కంపెనీ ఇచ్చేది 205/70 ఆర్15, అది 26 అంగుళాల పైచిలుకు, నీది 31. మీటర్ 80 చూపిస్తే బండి నిజంగా 90 దాటి పోతున్నట్టు.

జిప్సీ_హన్మకొండ
అంటే నాకు 72లో వణుకు అనిపించింది నిజానికి 85 దగ్గరా?

కరీంనగర్_జిమ్నీ
మీటర్ సరిచేయించకపోతే అంతే. ఫోన్లో జీపీఎస్ వేగం పెట్టుకుని ఒకసారి పోల్చుకోండి. నేను పైన వేసిన లెక్కలో 75 బదులు 88 పెట్టుకుంటే ఆ ఐదు కిలోలు ఏడు దాటతాయి.

గాలి గురించి కూడా ఒకటి. జిప్సీ తేలిక బండి, ఈ టైర్ వెడల్పు, 28 పెడితే నడుమ ఉబ్బి నడుమే అరుగుతుంది. టైర్ అడ్డంగా సుద్దముక్కతో గీత గీసి, తిన్నటి రోడ్డు మీద వంద మీటర్లు నడిపి చూడండి. నడుమ మాత్రమే చెరిగితే గాలి ఎక్కువ, అంచులే చెరిగితే తక్కువ. మీకు 24 దగ్గర కుదరొచ్చు, గీత చూసి తేల్చుకోండి.

ములుగు_బాట
ముక్కలు ఊడకుండా ఉండాలంటే అతికించాక వాటి మీద అల్యూమినియం టేపు వేయించండి. బ్రేక్ కాలిపర్‌కు తగలకుండా చెయ్యి పెట్టి ఒక చుట్టు తిప్పి చూసుకోండి, జిప్సీ ముందు డిస్క్ బ్రేక్ దగ్గర జాగా తక్కువ.

540_భూపాలపల్లి
ఐదు చక్రాలనూ ఐదు వేల కిలోమీటర్లకోసారి చోట్లు మారుస్తూ ఉండు. మడ్ టైర్ ఒకే చోట ఉంటే బటన్లు ఒక పక్కకు మెట్లు మెట్లుగా అరుగుతాయి, అట్లా అరిగాక ఏ మిషనూ కాపాడదు. వంగిన డిస్కు మాత్రం ముందుకు రానివ్వకు.

నర్సంపేట_రైతు
తమ్మీ, ఆ పెద్ద కోన్ ఉన్న షాపు ఎక్కడో చెప్పు. మా బావమరిది బొలెరో కూడా 70 దగ్గర ఇట్లాగే వణుకుతుంది.

జిప్సీ_హన్మకొండ
ములుగు రోడ్డులో అన్నా, వివరాలు మెసేజ్ చేస్తాను. పోయేముందు డిస్కుల లోపలి వైపు ఇంటి దగ్గరే గీకించి తీసుకుపొమ్మను, అక్కడ గీకడానికి మనుషులు ఉండరు. టైర్లో లిక్విడ్ ఉంటే ముందే చెప్పమను.